భాగహారం మోపిన నింద

జీవక్రియల గురించి చదువుకుంటున్న రోజుల్లో నేను మొదటిసారి శ్రద్ధగా చూసిన గ్రాఫులో రెండు గీతలున్నాయి. పైన నీలం గీత బక్కపలచని చిట్టెలుకలది, కింద ఎర్ర గీత కొవ్వు మేత తిని ఊబకాయం వచ్చిన చిట్టెలుకలది. నిలువు అక్షం మీద శక్తి వ్యయం, అడ్డంగా 24 గంటలు. పగలంతా రెండు గీతలూ అణగి ఉండి, చీకటి పడగానే లేచాయి. చిట్టెలుకలు రాత్రిపూట తిరిగే జీవులు కదా. అయితే పగలైనా రాత్రయినా ఎర్ర గీత ఒక్కసారి కూడా నీలం గీతను అందుకోలేదు. దాని కిందే కదలికల గ్రాఫు. అందులోనూ అడుగున ఉన్నది ఎర్ర గీతే. రెండింటినీ కలిపి చూస్తే కథ దానంతటదే తయారైంది: లావు చిట్టెలుక కదలదు, కదలదు కాబట్టి శక్తి ఖర్చు కాదు, ఖర్చు కాదు కాబట్టి లావెక్కింది.

ఆ కథను నేను నమ్మాను. ఏడాదికి పైగా నమ్మాను. నా తర్వాత చేరిన విద్యార్థులకు బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పాను. అందులో నిజమైన ముక్క ఒకటే, లావు చిట్టెలుక తక్కువ కదులుతుందన్నది. మిగతాదంతా మనం లెక్క వేసే పద్ధతిలోంచి పుట్టింది. నేను చెప్పిన తప్పును నేనే దిద్దుకోవాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు చిట్టెలుక ఎంత శక్తి ఖర్చు చేస్తోందో ఎలా తెలుస్తుంది? 1780లలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు లవోజియే, లాప్లాస్ కలిసి ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. శ్వాస కూడా ఒక రకమైన నెమ్మది దహనమేనని తేల్చిన ప్రయోగం అది. ఇప్పుడు మంచు లేదు. గాలి చొరబడని పంజరంలోకి కొలిచిన గాలిని పంపిస్తారు. లోపలికి వెళ్లిన ఆక్సిజన్ ఎంత, బయటికి వచ్చినది ఎంత, మధ్యలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని కొన్ని నిమిషాలకోసారి నమోదు చేస్తారు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1కి దగ్గరగా ఉంటే ఆ జీవి పిండి పదార్థాన్ని మండిస్తోందనీ, 0.7కి దగ్గరగా ఉంటే కొవ్వును మండిస్తోందనీ అర్థం. 1949లో వెయిర్ ఇచ్చిన సూత్రంలో ఈ రెండు వాయువుల లెక్కలు వేస్తే కిలోక్యాలరీలు వస్తాయి. స్థూలంగా ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చయితే 5 కిలోక్యాలరీల వేడి పుట్టినట్టు.

ఆ యంత్రం కొలిచేది పంజరంలోని మొత్తం జంతువును. దానికి ఆ జంతువు బరువుతో సంబంధం లేదు. 'గంటకు, కిలో శరీర బరువుకు ఇన్ని కిలోక్యాలరీలు' అని నిలువు అక్షం మీద రాసి ఉంటే, ఆ 'కిలోకు' అన్నది తర్వాత మనిషి చేసిన భాగహారం.

ఆ భాగహారం ఏం చేస్తుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. 25 గ్రాముల చిట్టెలుక రోజుకు 10 కిలోక్యాలరీలు ఖర్చు చేస్తుందనుకోండి. 50 గ్రాముల ఊబకాయపు చిట్టెలుక 12 ఖర్చు చేస్తుందనుకోండి. మొత్తంగా చూస్తే లావుదే ఎక్కువ ఖర్చు, 2 కిలోక్యాలరీలు అదనం. ఇప్పుడు బరువుతో భాగించండి. సన్నదానికి గ్రాముకు 0.40, లావుదానికి 0.24. ఎక్కువ ఖర్చు చేసిన జంతువు ఒక్క గీతతో 40 శాతం తక్కువ ఖర్చు చేసినదైపోయింది. నేను చూసిన గ్రాఫులో జరిగింది సరిగ్గా ఇదే. చాలా ఆలస్యంగా, ఒక మధ్యాహ్నం, ఆ గ్రాఫు ఉన్న పరిశోధన పత్రంలోనే ఇచ్చిన సగటు బరువులతో గీతల విలువలను తిరిగి గుణించి చూశాను. ఎర్ర గీత నీలం గీతను దాటి పైకి వెళ్లింది. ఏడాదిపాటు నేను చెప్పిన పాఠం ఆ కాగితం మీద తలకిందులైంది. ఆ రోజు ఇంకో పని చేయలేకపోయాను.

భాగించడం ఎందుకు తప్పంటే, శరీరంలో ప్రతి గ్రామూ ఒకేలా పని చేయదు కాబట్టి. మనిషి అవయవాల మీద వేసిన లెక్కలు చూడండి. విశ్రాంతిలో ఒక కిలో కాలేయం రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు వాడుతుంది, మెదడు 240, గుండె, మూత్రపిండాలు ఒక్కోటీ 440. కిలో కండరం సుమారు 13. కిలో కొవ్వు కణజాలం 4.5 మాత్రమే. చిట్టెలుకలో అంకెలు వేరైనా వరుస ఇలాంటిదే. ఊబకాయం వచ్చినప్పుడు చిట్టెలుకకు కొత్తగా చేరే బరువులో అత్యధిక భాగం కొవ్వే. మెదడు పెరగదు, గుండె రెట్టింపు కాదు. అంటే భాజకం ఉబ్బినంత వేగంగా భాజ్యం పెరగదు. అలాంటప్పుడు లబ్ధం పడిపోక ఏం చేస్తుంది? దానికి జీవక్రియ మందగించనక్కరలేదు, బద్ధకం అసలే అక్కరలేదు.

కొవ్వు సంగతి పక్కన పెట్టినా, బరువుతో నేరుగా భాగించడం ఎన్నడూ సబబు కాలేదు. ఎలుక నుంచి పశువుల దాకా జంతువుల విశ్రాంతి శక్తి వ్యయం బరువుతో సమంగా పెరగదనీ, బరువుకు నాలుగింట మూడు (0.75) ఘాతంతో పెరుగుతుందనీ మాక్స్ క్లైబర్ 1932లోనే చూపించారు. ఈ విషయం తెలిసి కూడా మన రంగం దశాబ్దాల పాటు గ్రాములతో భాగిస్తూ వచ్చింది. 2010లో ఆండ్రూ బట్లర్, లెస్లీ కోజాక్ ఒక వ్యాసం రాసి, దీన్ని శీర్షికలోనే మళ్లీ మళ్లీ తలెత్తే సమస్య అన్నారు. 2012లో చోప్, మరెందరో పరిశోధకులు కలిసి, చిట్టెలుకల శక్తి లెక్కలను ఎలా విశ్లేషించాలో మార్గదర్శకాలు ఇచ్చారు. భాగించవద్దు, ప్రతి జంతువు మొత్తం ఖర్చునూ దాని బరువుకు ఎదురుగా చుక్కలుగా పెట్టండి, ఆంకోవా వంటి గణాంక పద్ధతితో బరువు ప్రభావాన్ని విడదీయండి అన్నది అందులోని సారం. అయినా భాగహారం పూర్తిగా పోలేదు. కొత్త పత్రాల్లోనూ అది కనిపిస్తూనే ఉంది.

ఇక కదలికల సంగతి. పంజరానికి అడ్డంగా పరారుణ కిరణాలు పంపుతారు. చిట్టెలుక కదిలినప్పుడల్లా కిరణం తెగుతుంది, తెగిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. చౌకైన, నిజాయితీ గల పద్ధతి. ఊబకాయపు చిట్టెలుకల అంకె తక్కువగా ఉంటుందన్న విషయంలో నాకు పేచీ లేదు. అయితే తెగిన కిరణం శక్తి కాదు. పంజరం ఈ మూల నుంచి ఆ మూలకు 25 గ్రాములను మోసుకెళ్లడం ఒక పని, 50 గ్రాములను మోసుకెళ్లడం ఇంకో పని. ఒకే రకం జంతువుల్లో నడకకయ్యే ఖర్చు మోసే బరువుతో పాటు దాదాపు అదే దామాషాలో పెరుగుతుంది. అందువల్ల కిరణాలను సగమే తెంపిన లావు చిట్టెలుక, కదలడానికి వెచ్చించిన శక్తిలో సన్న చిట్టెలుకకు ఏమీ తీసిపోకపోవచ్చు.

ఇది రాస్తుంటే మా అన్నయ్య గుర్తొస్తున్నాడు. నాకంటే 30 కిలోలకు పైగా బరువు. చిన్నప్పుడు ఇద్దరం మెట్లెక్కుతుంటే నేను ముందు వెళ్లిపోయేవాణ్ని, అతను మధ్యలో ఆగేవాడు. చూసినవాళ్లందరి నోటా ఒకటే మాట, బద్ధకం. ఆ మాట నేనూ అన్నాను. నా వీపు మీద 30 కిలోల బస్తా పెట్టి అవే మెట్లు ఎక్కమంటే నేనెక్కడ ఆగేవాణ్నో అప్పుడు ఆలోచించలేదు. మేం లెక్కపెట్టింది మెట్లను, అతను మోసింది బరువును. చిట్టెలుకల గ్రాఫు నన్ను ఇంతగా కలవరపెట్టడానికి అసలు కారణం ఇదేనేమో.

మళ్లీ పంజరం దగ్గరికి. ఇప్పటిదాకా చెప్పినదానికంటే పెద్ద విషయం గది ఉష్ణోగ్రత. ప్రయోగశాలల్లో జంతువుల గదులు సాధారణంగా 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటాయి. బట్టలు వేసుకుని తిరిగే మనిషికి హాయిగా ఉండే వేడి అది. చిట్టెలుకకు మాత్రం చలి. వేడి కోసం ప్రత్యేకంగా శక్తి తగలబెట్టనక్కరలేని స్థితి (దీన్నే ఉష్ణ తటస్థ స్థితి అంటారు) దానికి 30 డిగ్రీల సమీపంలో గానీ రాదు. అంత చిన్న ఒంటికి ఉపరితలం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. 22 డిగ్రీల గదిలో చిట్టెలుక ఖర్చు, 30 డిగ్రీల్లో అయ్యే ఖర్చుకు ఒకటిన్నర రెట్లకు పైనే. ఆ అదనమంతా ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి పోతుంది. అందులో చాలా భాగం గోధుమరంగు కొవ్వులో, అంటే వేడి పుట్టించడమే పనిగా ఉన్న ప్రత్యేక కొవ్వులో, మండుతుంది.

ఇప్పుడు చలిగదిలోని చిట్టెలుక లేచి పరుగెత్తిందనుకోండి. కండరాలు పని చేస్తే వేడి పుడుతుంది. ఆ వేడి వృథా కాదు, ఎలాగూ మండించాల్సిన వేడికి బదులుగా సరిపోతుంది. పరుగు తెచ్చిన వేడి మేరకు గోధుమరంగు కొవ్వు తన మంటను తగ్గించుకోవచ్చు. కదలిక ఖర్చు ఒక ఖాతాలో పెరిగి, వెచ్చదనం ఖర్చు ఇంకో ఖాతాలో తగ్గుతుంది. రోజు చివర మొత్తం చూస్తే, ఎక్కువ తిరిగిన చిట్టెలుకకూ తక్కువ తిరిగిన చిట్టెలుకకూ పెద్ద తేడా కనిపించకపోవచ్చు. 2012లో వర్చ్యూ, ఈవన్, విడాల్-పుయిగ్ ఇదే వాదించారు. ఉష్ణ తటస్థ స్థితి కంటే చల్లని గదిలో, రెండు గుంపుల చిట్టెలుకల రోజువారీ ఖర్చుల మధ్య తేడాకు వాటి కదలికల్లోని తేడా కారణం కాదని వాళ్లు చూపారు. ఈ మాట నాకు అర్థమైన రోజున కదలికల గ్రాఫు, ఖర్చు గ్రాఫు ఒకదాని కింద ఒకటి పెట్టడంలో ఉన్న తొందరపాటు తెలిసింది. అవి పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదానికి ఇంకొకటి కారణం కాలేదు.

గది వేడి సమాధానాన్నే మార్చేస్తుందనడానికి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. గోధుమరంగు కొవ్వులో వేడి పుట్టించే యూసీపీ1 అనే ప్రోటీన్ లేని చిట్టెలుకలు లావెక్కుతాయని అందరూ ఊహించారు. మామూలు గదిలో అవి లావెక్కలేదు. 2009లో ఫెల్డ్‌మన్ బృందం వాటిని వెచ్చని, ఉష్ణ తటస్థ స్థితిలో ఉంచినప్పుడు ఊబకాయం వచ్చింది. జన్యువు అదే, మారింది గది వేడి. ఇలాంటిది చూశాక కూడా పత్రంలో ఉష్ణోగ్రతను అప్రధానమైన వివరంలా ఒక మూల రాసి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కదలికకు ఎంత ఖర్చయిందో విడిగా తేల్చే ప్రయత్నాలు లేకపోలేదు. ఒకే జంతువు విషయంలో కొన్ని నిమిషాలకోసారి తీసిన ఖర్చునూ, అదే సమయంలో తెగిన కిరణాలనూ ఎదురెదురుగా పెట్టి ఒక వాలు గీత గీస్తారు. గీత వాలు కదలిక ధరను చెబుతుంది. కదలిక సున్నా అయిన చోట గీత నిలువు అక్షాన్ని తాకే బిందువు, కదలకుండా ఉన్నప్పటి ఖర్చు. అందమైన ఆలోచన, నాకూ ఇష్టమైనదే. కానీ చిట్టెలుక నడిచేది తిండి దగ్గరికి. నడక, తినడం, తిన్నది అరిగేటప్పుడు పుట్టే వేడి, రాత్రి కాగానే పెరిగే ఒంటి ఉష్ణోగ్రత అన్నీ ఒకేసారి లేస్తాయి. వాలు గీత వాటన్నిటినీ కదలిక ఖాతాలోనే రాస్తుంది. పైగా పంజరంలోని గాలి పూర్తిగా మారడానికి సమయం పడుతుంది కాబట్టి, ఇప్పటి పరుగు తాలూకు ఆక్సిజన్ లోటు కాసేపటి తర్వాత కనిపిస్తుంది. చలిగదిలో వేడి బదలాయింపు వల్ల వాలే తగ్గిపోతుంది. కాబట్టి 'మొత్తం ఖర్చులో కదలిక వాటా ఇంత శాతం' అన్న అంకెను ఎవరైనా ఒకే మాటగా చెబితే, ఏ వేడిలో, ఏ పద్ధతిలో అని అడగాల్సిందే.

ఇక కారణం ఎటు నుంచి ఎటు వెళ్తోందన్న ప్రశ్న. కదలకపోవడం ముందా, లావెక్కడం ముందా? దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగం 2017లో అలెక్సై క్రావిట్జ్ బృందం ప్రచురించింది. కొవ్వు మేతతో ఊబకాయం వచ్చిన చిట్టెలుకల మెదడులో, స్ట్రయాటం అనే భాగంలో, డీ2 రకం డోపమైన్ గ్రాహకాల (డోపమైన్ అనే మెదడు రసాయనపు సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ల) పని తగ్గింది. కదలిక మందగించడానికి అది కారణమని వాళ్లు గుర్తించారు. అక్కడ సంకేతాన్ని సరిచేస్తే, లావు తగ్గకుండానే చిట్టెలుకలు మళ్లీ తిరగసాగాయి. అంటే వాటిని ఆపింది బరువు ఒక్కటే కాదు. అసలు విశేషం తర్వాతిది. సన్న చిట్టెలుకల్లో ఆ గ్రాహకాలను తొలగిస్తే అవి కదలడం తగ్గించాయి, కానీ కొవ్వు మేత పెట్టినప్పుడు మిగతావాటి కంటే ఎక్కువ లావెక్కలేదు. మందకొడితనం లావుతో పాటు వచ్చింది, లావును తేలేదు.

లెప్టిన్ కథ కూడా ఇటువైపే చూపిస్తుంది. 1949లో అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో విపరీతంగా లావెక్కే చిట్టెలుకలు బయటపడ్డాయి. వాటిలో లోపించినది, కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని అదుపు చేసే లెప్టిన్ అనే హార్మోన్ అని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం జన్యువును పట్టుకున్నాక తెలిసింది. అవి ఆగకుండా తింటాయి, చాలా తక్కువ కదులుతాయి, ఒంటి వేడి తక్కువ, తీవ్రమైన చలిని తట్టుకోలేవు. 2005లో కొప్పారి, సహచరులు లెప్టిన్ గ్రాహకం లేని చిట్టెలుకల్లో, మెదడులోని హైపోథలమస్ అనే భాగంలో, ఆర్క్యుయేట్ కేంద్రకంలో మాత్రమే ఆ గ్రాహకాన్ని తిరిగి పెట్టారు. తిండి, బరువు కొద్దిగానే తగ్గాయి. కదలిక మాత్రం మామూలు స్థాయికి వచ్చింది. లావుగా ఉంటూనే చిట్టెలుక చురుకైంది. కదలికకూ కొవ్వుకూ మెదడులో వేర్వేరు తాళాలున్నాయని దీన్ని చూశాక ఎవరికైనా అనిపిస్తుంది.

నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యాలు లేవని అనను. పరుగు చక్రం ఇచ్చిన చిట్టెలుకలు కొవ్వు మేత మీద కూడా తక్కువ లావెక్కుతాయని ఎన్నో ప్రయోగాలు చెప్పాయి. చక్రం ఉంటే చిట్టెలుక రాత్రికి కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తుతుంది. అది పంజరపు విసుగు వల్ల కాదని 2014లో మేయర్, రోబర్స్ నిరూపించారు. ఆరుబయట పెట్టిన చక్రాలెక్కి అడవి చిట్టెలుకలూ పరుగెత్తాయి. థియొడోర్ గార్లండ్ 1993 నుంచి తరతరాలుగా ఎక్కువ పరుగెత్తేవాటినే ఎంచి పెంచిన చిట్టెలుకలు, మామూలువాటికి రెండున్నర నుంచి మూడు రెట్లు పరుగెత్తుతాయి. అవి సన్నగానే ఉంటాయి, అయితే తిండి కూడా ఎక్కువే తింటాయి. కాబట్టి అంత పెద్ద మోతాదు పరుగు శక్తి లెక్కను కదిలిస్తుంది. చక్రం లేని పంజరంలో చిట్టెలుక అటూఇటూ తిరగడంలోని తేడా మాత్రం ఆ మోతాదులో ఉండదు. ఒక దాని సాక్ష్యాన్ని ఇంకోదానికి వాడేస్తున్నాం.

మనుషుల నుంచి వచ్చే సాక్ష్యం ఇంకా గట్టిది. 2005లో జేమ్స్ లెవిన్ బృందం 10 మంది సన్నవాళ్లనూ, కొద్దిపాటి ఊబకాయం ఉన్న 10 మందినీ పరిశీలించింది. రెండో గుంపు రోజుకు రెండు గంటలు ఎక్కువ కూర్చుంటోంది. సన్నవాళ్ల బరువు పెంచినా, లావువాళ్ల బరువు తగ్గించినా ఆ అలవాటు మారలేదు. అంటే అది బరువు వల్ల వచ్చింది కాదు, ముందు నుంచీ ఉన్నదే అని వాళ్లు భావించారు. దీన్ని నేను కొట్టిపారేయలేను. 20 మంది చిన్న సంఖ్యే, అయినా ప్రయోగం జాగ్రత్తగా చేసినది. కానీ ఆ తేడా పుట్టుకతో ఉన్నదైతే, దానికి బద్ధకం అన్న పేరు మరీ అన్యాయం.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం మామూలు లెక్కలో ఉంది. చిట్టెలుక పది వారాల్లో 10 గ్రాముల కొవ్వు పెంచుకుందనుకుందాం. గ్రాము కొవ్వుకు 9 కిలోక్యాలరీల చొప్పున అది 90. 70 రోజులకు పంచితే రోజుకు 1.3. రోజువారీ ఖర్చు 10 నుంచి 12 ఉన్న జంతువుకు అది పదో వంతు. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే లావెక్కుతున్న ఆ పది వారాల్లోనే, అందులోనూ మొదటి వారాల్లో, కొలవాలి. మనం సాధారణంగా ఏం చేస్తాం? పది వారాలూ మేత పెట్టి, పూర్తిగా లావెక్కాక నాలుగు రోజులు యంత్రంలో ఉంచుతాం. అప్పటికి మిగులు దాదాపు ముగిసిపోయింది, చిట్టెలుక కొత్త బరువు దగ్గర స్థిరపడుతోంది, దాని మొత్తం ఖర్చు పెరిగింది. ఆ నాలుగు రోజుల అంకెలను బరువుతో భాగించి, లావెందుకెక్కిందో చెప్పేస్తాం. మేత తూకం సంగతి వేరే చెప్పాలి. పంజరంలో పరిచిన పొట్టులో కలిసిపోయిన మేత తునకలను లెక్కలోకి తీసుకోకపోతే ఆ పదో వంతు అక్కడే మాయమవుతుంది.

వ్యాయామం వృథా అని ఎవరూ దీన్ని చదువుకోవద్దని కోరుతున్నాను. బరువు తగ్గకపోయినా కదలిక కండరాలు గ్లూకోజును వాడుకునే తీరును మెరుగుపరుస్తుంది, గుండెకు మేలు చేస్తుంది. అందులో సందేహం లేదు. అన్నయ్య ఇప్పుడు రోజూ నడుస్తాడు. బరువు పెద్దగా మారలేదు, మందుల మోతాదు తగ్గింది. మధ్యలో ఆగితే నేనూ అతనితో పాటు ఆగుతాను.

ఇప్పుడు ఇలాంటి పత్రం చేతికొస్తే ముందు సారాంశం చదవను. పద్ధతుల భాగానికి వెళ్లి గది ఎన్ని డిగ్రీల్లో ఉందో చూస్తాను. తర్వాత కొలిచిన రోజున ఒక్కో గుంపు బరువెంతో, అందులో కొవ్వెంతో వెతుకుతాను. ఆ తర్వాత నిలువు అక్షం పక్కన రాసిన ప్రమాణాలు. 'కిలోకు' అని కనిపిస్తే పెన్సిలు తీసి తిరిగి గుణిస్తాను. గుణించడానికి కావలసిన బరువులు పత్రంలో లేకపోతే, వాటిని అడుగుతూ రచయితలకు ఉత్తరం రాస్తాను.